ఒంటరి ప్రయాణికుని సంపాదన



"బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అని మన పెద్దలు ఈ ప్రాంతపు బతుకును మూడు మాటలలో చెబుతారు. కొందరు గోదావరిఖని బొగ్గు గనులకు పోయారు. కొందరు బొంబాయి మిల్లులకు, భివండి మగ్గాలకు పోయారు. 1970ల తరువాత గల్ఫు దారి తెరుచుకుంది. బీర్పూర్, సారంగాపూర్, రాయికల్, మల్లాపూర్, కోరుట్ల మొదలు సిరిసిల్ల దాకా ఏ సంఘమునకు వెళ్ళినా ప్రార్థన మనవులలో ఒక మస్కట్, ఒక దమ్మామ్, ఒక షార్జా వినబడకుండా ఉండదు.

ఈ మధ్య యౌవనస్థుల కూటములో ఒక పిల్లవాడు మమ్ములను ఒక ప్రశ్న అడిగాడు. తెలుగు కుర్రవాళ్ళు వీపున సంచి వేసుకొని, తోడు లేకుండా దేశదేశాలు తిరుగుతూ తీసిన వీడియోలు వాళ్ళు సెల్‌ఫోనులో చూస్తున్నారట. "అయ్యగారూ, ఒక్కడే లోకమంతా తిరిగితే మనిషికి ఏమొస్తది?" అని అడిగాడు. వెనుక కూర్చున్న ఒక పెద్దాయన, "పైసలు పోతయి, ఇంకేమొస్తది?" అన్నాడు. అందరూ నవ్వారు. ప్రశ్న మాత్రము మంచిది. మన ఇళ్ళలోనే ఒంటరిగా సముద్రము దాటి వచ్చినవారు ఇందరు ఉన్నారు కదా! వారికి ఏమి వచ్చిందని మనము ఎన్నడైనా అడిగామా?

వాక్యములోని ఒంటరి బాటసారులు

ఆదికాండము 28వ అధ్యాయములో యాకోబు బెయేర్షెబా విడిచి హారానుకు బయలుదేరాడు. వెంట సేవకులు లేరు, మంద లేదు. తల క్రింద ఒక రాయి పెట్టుకొని బయట పండుకున్నాడు. తల్లిదండ్రుల ఇంట అన్నీ ఉన్నప్పుడు చూడని దర్శనమును ఆ రాత్రి చూశాడు. దేవుడు తన ఇంటి దగ్గర మాత్రమే కాదు, తనకు తెలియని ఈ చోట కూడా ఉన్నాడని గ్రహించాడు. తరువాత మామ లాబాను కొలువులో పడిన పాట్లు గల్ఫుకు వెళ్ళినవారికి వేరే చెప్పనక్కరలేదు. జీతము పదిమార్లు మార్చిన యజమాని అతడు! ఇరువది ఏండ్ల తరువాత తిరిగి వచ్చేటప్పుడు యాకోబుకు మందలున్నాయి, కుటుంబమున్నది. అయినా అతని బ్రతుకును నిలబెట్టినది బేతేలులో ఒంటరిగా ఉన్న రాత్రి దొరికిన ఆ వాగ్దానమే.

అపొస్తలుడైన పౌలును చూడండి. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో సీల, తిమోతి వెనుక ఉండిపోగా ఆయన ఏథెన్సులో ఒక్కడే వారి కొరకు ఎదురుచూస్తూ ఉన్నాడు. మాట్లాడే తోడు లేదు గనుక కండ్లు తెరచి ఊరంతా చూశాడు. వారి బలిపీఠములను చూశాడు, వాటి మీద వ్రాసినది చదివాడు. ఆ చదివిన దానితోనే తరువాత ఆ ఊరివారికి తన ప్రసంగము ఆరంభించాడు. నలుగురితో కలిసి వెళ్ళినవాడు ఆ నలుగురినే చూస్తాడు. ఒక్కడే వెళ్ళినవాడు ఊరిని చూస్తాడు.

మన తెలుగు నేలకు వచ్చినవారు, మన నేల నుండి వెళ్ళినవారు

పూర్వకాలములో ఒంటరి ప్రయాణము సామాన్యము కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నము నుండి కాశీకి బయలుదేరినప్పుడు పెద్ద పరివారమే వెంట నడిచింది. దారిలో దొంగల భయము, రోగముల భయము. తోడు లేకుండా వెళ్ళడమంటే ప్రాణము మీద ఆశ వదులుకోవడమే.

అట్టి కాలములోనే ఒక మనిషి మన తెలుగు దేశమునకు వచ్చాడు. ఆయన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. లూథరన్ సంఘములవారు "ఫాదర్ హయ్యర్" అని నేటికీ తలచుకుంటారు. జర్మనీలో 1793లో పుట్టి అమెరికాలో బోధకుడైనాడు. 1839లో భార్య చనిపోయింది. పిల్లలను అక్కడే విడిచి, అమెరికా లూథరన్ సంఘముల తరపున మొదటి మిషనరీగా సముద్రము దాటి, 1842 జూలై 31న గుంటూరు చేరాడు. అప్పటికి ఆయనకు 49 ఏండ్లు. ఆ వయసులో తెలుగు అక్షరములు దిద్దుకున్నాడు, బడులు పెట్టాడు. స్వదేశము వెళ్ళినప్పుడు వైద్యము చదువుకొని మరల వచ్చాడు, పల్నాటిలో పని చేశాడు. వృద్ధుడై అమెరికాలో ఉండగా రాజమండ్రి సేవ తమ సంఘము చేయి జారిపోనున్నదని విన్నాడు. 1869లో, 76 ఏండ్ల వయసులో, నేను వెళ్తానని లేచి మూడవసారి ఓడ ఎక్కాడు.

ఆ వయసులో ఆయనను లాగినది జీతము కాదు. మొదటి ప్రయాణములో తనవారు ఎవరూ లేక ఈ జనము మధ్య నిలిచాడు గనుక ఈ జనమే తనవారైనారు. ఒంటరిగా వెళ్ళినవానికి అపరిచితుల మధ్య ఇల్లు దొరుకుతుంది. ఇది మొదటి సంపాదన అని మేము అనుకుంటాము.

మన కాలములో విశాఖపట్నము ఆంధ్ర విశ్వవిద్యాలయములో లలితకళలు బోధించిన ఆచార్య ఎం. ఆదినారాయణ దేశములో ఎన్నో చోట్లకు కాలినడకన తిరిగి "భ్రమణ కాంక్ష" అనే గ్రంథము వ్రాశారు. తరువాత దేశదేశాలు తిరిగి మరియొక గ్రంథము వ్రాశారు. ఆయన పొలములు అమ్ముకొని పోలేదు, ఏజెంటు పంపితే పోలేదు. లోకమును చూడవలెనన్న కోరికతో పోయారు. అటువంటివారు గ్రంథములు వ్రాస్తారు, మనము చదువుతాము. మన వాడలోని మేస్త్రీ గ్రంథము వ్రాయడు. అందుచేత అతని ప్రయాణము ప్రయాణమే కాదని అనుకుంటాము.

ఒక సహోదరుని మాటలు

బీర్పూర్ దగ్గరి ఒక పల్లె సహోదరుడు సౌదీలో ఆరేండ్లు మేస్త్రీ పని చేసి వచ్చాడు. వచ్చి నెల దాటినా ఆరాధనకు రాలేదు. మేము ఇంటికి వెళ్ళాము. "అయ్యగారూ, అప్పులు ముట్టినయి, చెల్లె పెండ్లయింది. చేతిల మాత్రం ఏం మిగల్లే. ఎవలు కనబడ్డా 'ఏం తెచ్చినవ్' అనే అడుగుతున్రు. బయటికి పోబుద్ధి అయితలేదు" అన్నాడు.

"తెచ్చింది పక్కకు పెట్టు తమ్ముడూ. అక్కడ ఏమేం చూసినవో చెప్పు" అన్నాము.

మొదట మాట రాలేదు. తరువాత రెండు గంటలు ఆగలేదు. దిగిన రోజు కంపెనీ మనిషి రాకపోతే విమానాశ్రయము బయట కూర్చున్నాడట. ఏ బోర్డూ చదువరాదు. ఒక పాకిస్తాను పఠాను డ్రైవరు నీళ్ళిచ్చి, రొట్టె పెట్టి, తన ఫోనుతో కంపెనీకి మాట్లాడించి, పైసా తీసుకోకుండా క్యాంపు దగ్గర దించిపోయాడట. "ఇక్కడ పాకిస్తానోడంటే ఎట్లెట్లనో అనుకునేటోణ్ణి. ఆ దినం నాకు దేవుడు పంపినోడు ఆయననే" అన్నాడు. మంచి సమరయుని ఉపమానము మీద మేము ఎన్నో ప్రసంగములు చేశాము. గాయపడినవాని స్థానములో ఉండి దానిని నేర్చుకున్నవాడు ఆ సహోదరుడు.

ఇంకొక మాట అన్నాడు. ఊరిలో అతని పేరు కంటే ముందు అతని వాడ పేరు అడుగుతారు. క్యాంపు గదిలో ఎనిమిది మంది. ఒక మలయాళీ, ఇద్దరు నేపాలీలు, ఒక బీహారీ, మిగిలినవారు మనవారు. ఒకే గిన్నెలో వండుకున్నారు, ఒకే పళ్ళెము చుట్టూ కూర్చున్నారు. "ఆరేండ్లు నన్ను ఎవ్వరు నీదే వాడ అని అడుగలే. మేస్త్రీ అన్నరు, పని బాగ చేస్తవన్నరు" అని చెప్పేటప్పుడు అతని కంఠము మారింది. ప్రియులారా, ఊరు మన మీద వేసిన ముద్ర తీసివేస్తే మనము ఎవరమో తెలుసుకోవడము చిన్న సంపాదనా?

ప్రార్థన సంగతి అడిగాము. కువైటులో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో ఎన్నో భాషల సంఘములు వంతులవారీగా ఆరాధించుకుంటాయి. ఖతరులో దోహా దగ్గర చర్చీలకు స్థలమే ఇచ్చారు. సౌదీలో చర్చి కట్టడానికి అనుమతి లేదు. గంట లేదు, పాటల కూటము లేదు, పిలిచే పాస్టరు లేడు. "దుప్పటి మీద కప్పుకొని ప్రార్థన చేసిన అయ్యగారూ. గప్పటిదాక మా అమ్మ చేసే ప్రార్థనకు ఆమెన్ అన్న, గంతే" అన్నాడు. తల్లి విశ్వాసము అక్కడ అతని సొంత విశ్వాసమైంది.

చివరకు భార్య వైపు చూసి, "వండుడు, ఉతుకుడు, నీళ్ళు మోసుడు అన్ని చేసుకున్న. ఈమె పని గప్పుడు ఎరుకైంది" అన్నాడు. ఆ తల్లి కొంగు అడ్డము పెట్టుకొని నవ్వింది. ఆమె ప్రయాణము కూడా ఒంటరిదే. బ్యాంకుకు, బడికి, ఆసుపత్రికి ఆరేండ్లు ఒక్కతే తిరిగింది. వేలిముద్ర వేసే చేయి సంతకము నేర్చింది. వెళ్ళినవాడు దేశము చూస్తే, ఉన్న ఆమె లోకము చూసింది.

తోడు లేకపోవడము వేరు, జాగ్రత్త లేకపోవడము వేరు

ఒంటరితనమే గొప్పదని మేము చెప్పడము లేదు. ఒక్కని కంటె ఇద్దరు మేలని ప్రసంగి బోధించాడు. మన ప్రభువు కూడా శిష్యులను ఇద్దరిద్దరినిగా పంపాడు. ఒంటరితనము కొందరిని ప్రార్థనకు నడిపిస్తే, కొందరిని సీసా దగ్గరకు నడిపించింది. పెట్టెలో తిరిగి వచ్చినవారిని మన చేతులతోనే సమాధి చేశాము. కనుక వెళ్ళేవారు ఈ సంగతులు మరువకూడదు.

విజిట్ వీసా మీద పనికి వెళ్ళకూడదు. పదవ తరగతి పాసు కానివారికి సాధారణముగా ఇ.సి.ఆర్. పాసుపోర్టు ఇస్తారు. అట్టివారు గల్ఫు దేశములకు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ ఎమిగ్రేషన్ అనుమతి ఉండాలి. వారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రమాదములో మరణించినా, శాశ్వతముగా అంగవైకల్యము కలిగినా 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. కాగితములు లేక కుటుంబములు దానిని పోగొట్టుకోకూడదు. పాసుపోర్టు, వీసా, ఒప్పంద పత్రము, బీమా కాగితముల నకళ్ళు ఒక కట్ట ఇంటిలో ఉంచండి. ఏజెంటుకు రిజిస్ట్రేషను ఉన్నదో లేదో చూడకుండా రూపాయి ఇవ్వకండి. పొలము తాకట్టు పెట్టేముందు భార్యను కూర్చోబెట్టుకొని లెక్క వేయండి.

మన ఆడపిల్లల విషయములో కూడా ఒక మాట. నర్సింగు చదివిన పిల్ల, పై చదువులకు సీటు వచ్చిన పిల్ల ఒంటరిగా వెళ్తానంటే వెంటనే వద్దనకండి. స్థలము, పని, కాగితములు విచారించండి. అన్నీ సరిగా ఉన్నప్పుడు భయము ఒక్కటే కారణముగా ఆపకండి. యాకోబును కాపాడిన దేవుడు కుమారులకు మాత్రమే దేవుడు కాడు.

తిరిగి వచ్చినవానిని ఏమని అడగాలి?

తిరిగి వచ్చినవానిని డబ్బు లెక్కతోనే కొలిస్తే, డబ్బు లేనివాడు తాను ఎందుకూ పనికిరానివాడనని నమ్ముతాడు. ఇంటి నుండి బయటికి రాడు. ఆ చీకటిలో ప్రాణము తీసుకున్నవారి వార్తలు మన జిల్లాలలో విన్నాము. అడిగే ప్రశ్న మారితే ఒక ప్రాణము నిలువవచ్చును.

కాబట్టి సంఘ పెద్దలకు మా మనవి. తిరిగి వచ్చిన ప్రతి సహోదరునికి, సహోదరికి ఒక ఆదివారము సాక్ష్యమునకు సమయమివ్వండి. ఎంత సంపాదించావని కాక ఏమి చూశావు, ఎవరు ఆదుకున్నారు, దేవుడు ఎక్కడ కలిశాడు అని అడగండి. యౌవనస్థులను ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఒక్కడే లోకము తిరిగితే ఏమొస్తుందన్న ప్రశ్నకు సెల్‌ఫోను కంటే మంచి జవాబు వారికి అక్కడ దొరుకుతుంది. అప్పుల్లో ఉన్నవాని ఇంటికి పెద్దలు ఇద్దరు వెళ్ళండి, సలహాతో కాదు, వినే చెవితో.

లూకా 15వ అధ్యాయములోని చిన్న కుమారుడు దూరదేశమునకు ఒంటరిగా పోయి, అంతా పోగొట్టుకొని, ఆ ఒంటరితనములోనే బుద్ధి తెచ్చుకొని వచ్చాడు. తండ్రి ఎదురు పరుగెత్తాడు. ఏమి తెచ్చావని ఒక్క మాట అడగలేదు. ఆ లెక్క తీసినది ఇంట ఉన్న పెద్ద కుమారుడే. మన వాకిట ఆటో దిగేవానికి ఎదురుగా వెళ్ళేది ఆ తండ్రియా, ఆ అన్నయా? ఈ నెలలో ప్రతి కుటుంబము దీనిని ప్రార్థనాపూర్వకముగా ఆలోచించునట్లు ప్రభువు కృప చూపును గాక.