ధాన్యపు కుప్పలో చేయి పెట్టి చూసేవారు

పిల్లవాడు రోజంతా వీడియో గేములు ఆడుతుంటే తల్లిదండ్రులు కోప్పడతారు. అదే పిల్లవాడు చదువు ముగించి, గేములు ఆడి చూసినందుకే నెలనెలా జీతం తెస్తున్నానంటే సంతోషించాలో విచారించాలో తెలియక తికమకపడతారు. హైదరాబాదులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి పెద్ద గేముల సంస్థలకు కార్యాలయాలున్నాయి. మన ఇళ్ల యువకులు కూడా టెస్టర్లుగా ఈ వృత్తిలో అడుగుపెడుతున్నారు. ఈ పని గురించి మా వద్దకు రెండు రకాల ప్రశ్నలు వస్తున్నాయి.

పెద్దలు అడిగే ప్రశ్న ఇది: “ఆట ఆడటం కూడా ఒక పనేనా? ఆ సంపాదనలో బర్కత్ ఉంటుందా?” యువకుల ప్రశ్న వేరు: “విడుదల తేదీ దగ్గరపడినప్పుడు, పరీక్షించని వాటిని కూడా పరీక్షించినట్టు గుర్తు పెట్టమంటారు. అలా పెడితే మా జీతం హలాల్ అవుతుందా?” మొదటి ప్రశ్నకు సరైన జవాబు తెలిస్తేనే రెండో ప్రశ్న ఎంత బరువైనదో అర్థమవుతుంది.

ముందుగా ఈ పని స్వరూపం చూద్దాం. టెస్టర్ తనకు నచ్చిన ఆటను నచ్చినంతసేపు ఆడేవాడు కాడు. తయారీలో ఉన్న గేముకు రోజూ ఒక కొత్త ప్రతి వస్తుంది. దానిని బిల్డ్ అంటారు. అది అసలు తెరుచుకుంటుందా, ముఖ్యమైన భాగాలు నడుస్తున్నాయా అని మొదట చూస్తారు. ఆ తర్వాత టెస్ట్ కేసుల పట్టికను ముందు పెట్టుకుని ఒక్కొక్క అంశాన్నీ పరీక్షిస్తారు. ఆటలో ఒక గోడ ఉంటే, ఆ గోడ పొడవునా ప్రతి చోటా బొమ్మను ఢీకొట్టించి ఎక్కడైనా లోపలికి దూరిపోతుందేమో చూడాలి. ఆట వివరాలు భద్రమవుతున్న క్షణంలోనే కరెంటు పోతే ఏమవుతుందో చూడాలి. ఆట మధ్యలో చేతిలోని కంట్రోలర్ తీగ ఊడిపోతే గేము ఆగి నిలుస్తుందా, లేక ఆటగాడిని ఓడించేస్తుందా అని చూడాలి. ఒక లోపాన్ని ప్రోగ్రామర్ సరిచేశాక, ఆ మరమ్మతు వల్ల మరోచోట కొత్త లోపం పుట్టిందేమోనని పాత పరీక్షలన్నీ మళ్లీ చేయాలి. దీనిని రిగ్రెషన్ టెస్టింగ్ అంటారు. ఒకే మెట్టును నూరుసార్లు ఎక్కి దిగడం ఆట కాదు. అది ఓర్పుతో, నిఘాతో చేయవలసిన కాయకష్టం.

ఈ పనికి మన ధర్మంలో పోలిక లేకపోలేదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి బజారులో ధాన్యపు కుప్ప పక్కగా వెళుతూ అందులో చేయి పెట్టారు. పైకి పొడిగా కనిపించిన ధాన్యం లోపల తడిగా తగిలింది. ఇదేమిటని యజమానిని అడిగితే, వాన పడి తడిసిందని అతను చెప్పాడు. ఆ తడిసిన ధాన్యాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) నిలదీశారు. మోసగించేవాడికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు. ఈ సంఘటన సహీహ్ ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది.

ఇందులో గమనించవలసిన విషయాలు రెండున్నాయి. ధాన్యం తడవడం యజమాని నేరం కాదు. వాన అతని చేతిలో లేదు. తడిసినదానిని అడుగున దాచి, పొడిగా ఉన్నదానిని పైన పరచడమే అతని నేరం. రెండోది, కంటితో చూసి ఊరుకోకుండా ప్రవక్త (స) కుప్పలో చేయి పెట్టి చూశారు. కొనేవాడికి అడుగున ఏముందో తెలియదు. ఎవరో ఒకరు లోపలికి చేయి పోనిచ్చి నిజం చెప్పాలి. నేటి వ్యాపారంలో టెస్టర్ చేసేది ఆ పనే. కనుక పెద్దలు అడిగిన మొదటి ప్రశ్నకు మా జవాబు స్పష్టం: నిజాయితీగా చేసిన పరీక్ష గౌరవప్రదమైన శ్రమ. కొనుగోలుదారుల హక్కును కాపాడే శ్రమ.

కుప్పపైన పొడి ధాన్యం పరిచిన ఉదాహరణ గేముల లోకంలోనూ ఉంది. పోలెండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ ‘సైబర్‌పంక్ 2077’ అనే గేమును ఏళ్ల తరబడి తయారుచేసింది. 2020లోనే విడుదలను మూడుసార్లు వాయిదా వేసి, చివరకు డిసెంబరు 10న విడుదల చేసింది. విడుదలకు ముందు సమీక్షకులకు కంప్యూటర్‌పై నడిచే ప్రతినే అందజేశారు. శక్తిమంతమైన కంప్యూటర్లపై అది మెరుగ్గా నడిచింది. కానీ లక్షలాది ఇళ్లలో ఉన్న పాత ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ యంత్రాలపై అది ఎలా నడుస్తుందో కొనేవారికి ముందుగా తెలియలేదు. తీరా కొన్నాక బొమ్మలు చెదిరిపోవడం, ఆట హఠాత్తుగా ఆగిపోవడం మొదలైంది. ఫిర్యాదులు వెల్లువెత్తాయి. వారం తిరిగేసరికి సోనీ సంస్థ ఆ గేమును తన ఆన్‌లైన్ దుకాణం నుంచి తొలగించి, కొన్నవారికి డబ్బు తిరిగి ఇస్తామని ప్రకటించింది. అది మళ్లీ ఆ దుకాణానికి చేరింది 2021 జూన్‌లోనే.

పాత యంత్రాలపై గేమును మెరుగుపరచడానికి మరింత సమయం కావాలన్న సంకేతాలను తాము పట్టించుకోలేదని ఆ సంస్థ పెద్దలే తర్వాత ఒప్పుకున్నారు. ఆటగాళ్లు ఎదుర్కొన్న సమస్యలలో చాలావాటిని తమ పరీక్షలు చూపలేదని కూడా వారు చెప్పారు. వారి అంతరంగం అల్లాహ్‌కే తెలుసు. మేము తీర్పు చెప్పబోవడం లేదు. కానీ పాఠం మాత్రం కళ్లెదుట ఉంది. పొడిగా ఉన్న వైపు చూపి, తడిగా ఉన్న వైపు చూపకపోతే, కుప్ప విప్పిన రోజున ఏళ్ల శ్రమకు వచ్చిన పేరు వారంలో పోతుంది. సరుకులో లోపం బయటపడితే దానిని తిరిగి ఇచ్చే హక్కు కొనుగోలుదారుకు ఉందని మన ఫిఖ్హ్ గ్రంథాలు ‘ఖియారుల్ ఐబ్’ అనే పేరుతో శతాబ్దాల కిందటే రాసి ఉంచాయి. ఆ సూత్రం నేటి ఆన్‌లైన్ దుకాణానికీ అక్కరకొచ్చేదే.

ఇక టెస్టర్ ఏం రాయాలన్నది చూద్దాం. లోపాన్ని బగ్ అంటారు. బగ్ దొరికితే “గేము బాగా లేదు” అని రాస్తే సరిపోదు. ఏ బిల్డ్‌లో కనిపించింది, ఏ యంత్రంపై కనిపించింది, ఏయే మెట్ల ద్వారా అక్కడికి చేరాలి, ఏం జరగవలసి ఉంది, ఏం జరిగింది, పదిసార్లు ప్రయత్నిస్తే ఎన్నిసార్లు జరిగింది అనే వివరాలన్నీ రాయాలి. ఆ వివరాలను బట్టి మరొకరు అదే దారిలో వెళ్లి అదే లోపాన్ని కళ్లారా చూడగలగాలి. మదరసాలో హదీసు విద్య నేర్పే మాకు ఈ పద్ధతి కొత్తగా అనిపించలేదు. ఒక మాట ఎవరి నుంచి ఎవరికి చేరిందో ఇస్నాద్ చెప్పకుండా ముహద్దిసులు స్వీకరించేవారు కాదు. విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు చెప్పడం, అనుమానాన్ని నిశ్చయంగా చెప్పకపోవడం వారి నియమం. బగ్ రిపోర్టుకు కూడా అదే ప్రాణం.

కొందరు యువకులు మరో సందేహం వెలిబుచ్చుతారు. తోటి ఉద్యోగి పనిలో తప్పులు వెతికి రాయడం గీబత్ కాదా, పరోక్షనింద కాదా అని. హదీసు వేత్తలు ఉల్లేఖకుల లోపాలను బహిరంగంగా రాశారు. ధర్మ పరిరక్షణ కోసం చేశారు గనుక దానిని ఉలమా గీబత్‌గా పరిగణించలేదు. అయితే దానికి హద్దు ఉంది. అవసరమైనంతే చెప్పాలి, ద్వేషంతో చెప్పరాదు. టెస్టర్ కూడా పనిలోని లోపాన్నే రాయాలి. మనిషిని ఎగతాళి చేసే మాట రిపోర్టులో ఉండరాదు.

నిజం రాయడం టెస్టర్ వంతు. దానిని వినడం పైవారి వంతు. ఈ రెండో వంతు విఫలమైతే ఏమవుతుందో చెప్పే ఒక సంఘటన మన మనసులకు దగ్గరగా తగిలేది. 2002 చివర్లో మైక్రోసాఫ్ట్ సంస్థ ‘కకుతో చోజిన్’ అనే పోరాటపు గేమును విడుదల చేసింది. అందులోని నేపథ్య సంగీతంలో దివ్య ఖుర్ఆన్ పఠనం కలిసి ఉంది. సంస్థలోనే పనిచేసే ఒక ముస్లిం ఉద్యోగి దానిని గుర్తించి, విడుదలకు ముందే తెలియజేశాడు. అయినా పైవారు అప్పటికే సిద్ధమైన ప్రతులను మార్కెట్లోకి పంపారు. సౌదీ అరేబియా నుంచి నిరసన వచ్చింది. కొద్ది నెలల్లోనే ఆ గేమును ఉపసంహరించుకోవలసి వచ్చింది. చెప్పినవాడు సమయానికి చెప్పాడు. విననివారు మూల్యం చెల్లించారు.

దీనికి భిన్నమైన ఉదాహరణ 2008 అక్టోబరులో జరిగింది. సోనీ సంస్థ ‘లిటిల్ బిగ్ ప్లానెట్’ అనే గేమును విడుదల చేయబోతుండగా, అందులోని ఒక పాటలో ఖుర్ఆన్ పదబంధాలు ఉన్నాయని తెలిసింది. సంస్థ విడుదలను వాయిదా వేసి, దుకాణాలకు చేరిన ప్రతులను వెనక్కి రప్పించి, ఆ భాగాన్ని తొలగించి మళ్లీ పంపింది. ఖర్చు అయింది, ఆలస్యమూ అయింది. అయినా తెలిసిన లోపాన్ని కొనేవారి నెత్తిన రుద్దలేదు. ఈ రెండు సందర్భాల్లోనూ గీతం వినగానే అది ఏమిటో గుర్తించగలిగేది ఖుర్ఆన్ తెలిసినవారే. మన పిల్లలు ఈ వృత్తిలో ఉండటం వల్ల కలిగే ఒక మేలు ఇదే.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) గురించి చరిత్రకారులు రాసిన ఒక విషయం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఆయన బట్టల వ్యాపారి. ఒక వస్త్రంలో లోపం ఉందని, అమ్మేటప్పుడు దానిని తప్పక చెప్పమని తన భాగస్వామికి సరుకు ఇచ్చి పంపారు. భాగస్వామి చెప్పడం మరిచి అమ్మేశాడు. కొన్నవాడెవరో తెలియలేదు. విషయం తెలిసిన ఇమామ్ ఆ సరుకుపై వచ్చిన మొత్తం డబ్బును సదఖా చేసేశారు. లోపం తమకు తెలిస్తే చాలదని, కొన్నవారికి తెలిస్తేనే బాధ్యత తీరుతుందని ఆయన ఆచరణ చెబుతోంది.

ఇప్పుడు యువకుల ప్రశ్నకు వద్దాం. టెస్ట్ కేసు ఎదురుగా ‘పాస్’ అని రాయడమంటే, “నేను దీనిని పరీక్షించాను, ఇది సరిగా పనిచేసింది” అని సాక్ష్యం చెప్పడమే. పరీక్షించకుండా అలా రాస్తే అది అబద్ధపు సాక్ష్యం. అబద్ధపు సాక్ష్యాన్ని ప్రవక్త (స) మహాపాపాలలో ఒకటిగా లెక్కించారు. “ఇది గేమే కదా, ఎవరి ప్రాణం పోతుంది?” అని మనసు సర్దిచెబుతుంది. కానీ చిన్న విషయంలో అబద్ధానికి అలవాటుపడిన చేయి రేపు ఆసుపత్రి యంత్రాన్ని పరీక్షించే ఉద్యోగంలో ఉన్నా అలాగే రాస్తుంది. అమానతుకు చిన్నా పెద్దా లేదు.

అలాగని మేము యువకులను ఉద్యోగం మానుకోమని చెప్పడం లేదు. వ్యవధి చాలకపోతే చాలలేదనే రాయండి. చూడనిదానికి ఎదురుగా ‘పరీక్షించలేదు’ అని గుర్తు పెట్టండి. ఏ భాగాలు మిగిలాయో, వాటిలో ప్రమాదం ఎక్కడ ఉండవచ్చో మర్యాదగా, లిఖితపూర్వకంగా పైవారికి తెలపండి. గడువులోగా ముందు ఏది చూడాలో వారినే నిర్ణయించమనండి. ప్రతి లోపాన్నీ సరిచేసి తీరాలన్న నియమం లేదు. మానవుల చేతిపనిలో లోపం లేనిది ఉండదు. చిన్న లోపంతోనే విడుదల చేయాలా వద్దా అన్న నిర్ణయం యాజమాన్యానిది. నిజం తెలిపాక కూడా వారు విడుదల చేస్తే జవాబుదారీ వారిదే. నిజాన్ని దాచి మీ సంతకంతో విడుదల చేయిస్తే మాత్రం ఆ బరువులో మీకూ భాగముంటుంది. ఇక అశ్లీలత, జూదం వంటివి నిండిన గేమును పరీక్షించవలసి వస్తే, అది వేరే ప్రశ్న. పని వివరాలన్నీ దాచకుండా చెప్పి, మీ ప్రాంతంలోని ముఫ్తీ సాహెబును సంప్రదించండి.

యాజమాన్యాలకూ ఒక మాట చెప్పాలి. నిజం చెప్పేవాడి కడుపు మీద కొట్టి నిజం ఆశించడం న్యాయం కాదు. టెస్టర్లలో చాలామంది తాత్కాలిక ఒప్పందాల మీద, తక్కువ జీతానికి, విడుదల ముందు రాత్రింబవళ్లు పనిచేస్తుంటారు. అమెరికాలోని రేవెన్ సాఫ్ట్‌వేర్ సంస్థలో 2021 డిసెంబరులో కొందరు టెస్టర్లను తొలగించినప్పుడు తోటివారు పని ఆపి నిరసన తెలిపారు. 2022 మేలో 19–3 ఓట్లతో తమ సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. కూలివాడి చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) బోధ కార్యాలయాలకూ వర్తిస్తుంది.

తల్లిదండ్రులారా! మీ అబ్బాయిగానీ అమ్మాయిగానీ ఈ పనిలో ఉంటే ఆటలాడే ఉద్యోగమని బంధువుల ముందు చిన్నబుచ్చుకోకండి. రాత్రి ఇంటికి వచ్చాక “ఎంత తెచ్చావు?” అని అడిగే ముందు, “ఈరోజు చూసింది చూసినట్టే రాశావా?” అని అడగండి. ఇంట్లో అడిగేవారు ఉన్నారని తెలిస్తే కార్యాలయంలో చేయి తప్పు రాయడానికి వెనకాడుతుంది. ఇంట్లో ఎవరూ అడగకపోయినా, అడిగే రోజు ఒకటుంది. ఆ రోజున కుప్ప పైభాగం కాదు, అడుగుభాగమే తూకానికి వస్తుంది.

మనం రాసే ప్రతి అక్షరాన్నీ సత్యసాక్ష్యంగా మలిచే దైవభీతిని, మన సంపాదనలో బర్కత్‌ను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.