కాపలా మనిషి జీతం ఎవరిస్తారు?

తిరుమలాయపాలెం చుట్టుపక్కల చరిత్ర కాళ్లకు తగులుతుంది. కూసుమంచిలో కాకతీయుల నాటి శివాలయాలు, నేలకొండపల్లిలో బౌద్ధ స్తూపం. మా చరిత్రను తొక్కిపెట్టారని ఉద్యమంలో గొంతు చించుకున్నాం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. కానీ ఊళ్లల్లో దొరికిన రాయిని, నాణేన్ని, తాటాకు ప్రతిని దాచిపెట్టే చిన్న మ్యూజియాలు ఏం తిని బతుకుతున్నాయో మనం అడగనే లేదు.

ఈ కష్టం కొత్తది కాదు. మధిర దగ్గరి దెందుకూరు బిడ్డ ఆదిరాజు వీరభద్రరావు వంటివాళ్లు నిజాం కాలంలోనే లక్ష్మణరాయ పరిశోధక మండలి పేరుతో శాసనాలు వెతికారు. 'తెలంగాణ శాసనములు' మొదటి భాగం 1935లో అచ్చయింది. రెండో భాగం 1960లో. మధ్యన ఇరవై అయిదేండ్లు!

దాత దొరికితే భవనం లేస్తుంది, గోడ మీద ఆయన పేరుంటుంది. కరెంటు బిల్లు మీద ఎవరి పేరూ చెక్కరు కదా, అందుకే దానికి దాత ఉండడు. టికెట్టు పెంచితే బడిపిల్లలు గేటు దగ్గరే ఆగుతారు. జీతం అందని కాపలా మనిషి వేరే పని చూసుకుంటాడు. తలుపుకు తాళం పడుతుంది. లోపల చెదలు పని మొదలుపెడతాయి. సాలార్‌జంగ్ మ్యూజియానికి 1961 చట్టం అండ ఉంది, చిన్నవాటికి ఏముంది?

గ్రంథాలయాలూ ఒకనాడు చందాల మీద బతికినవే. 1960 చట్టంతో వాటికి ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల సెస్సు దక్కింది. వసూలైన సెస్సును స్థానిక సంస్థలు సక్రమంగా జమ చేయవన్నది వేరే పంచాయితీ. అయినా నిలదీయడానికి చట్టమైతే ఉంది. ప్రజలు నడిపే మ్యూజియాలకూ అటువంటి హక్కు కావాలె.

2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. వారసత్వ సంరక్షణ ఆ జాబితాలో ఉంది. కొత్తగూడెంలో సింగరేణి, సారపాకలో కాగితం మిల్లు మన బొగ్గు, మన గోదావరి నీళ్ల మీదనే నడుస్తున్నాయి. అద్దాల బీరువా కొనిచ్చి ఫొటో దిగితే సరిపోదు, మూడేండ్ల జీతాలకు రాతపూర్వకంగా మాట ఇవ్వాలె.

నిర్వాహకులకూ ఒక మాట. ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత బాకీ ఉంది, ఆ కాగితం గోడకు అంటించండి. వస్తువుల పట్టిక రాయడానికి డిగ్రీ విద్యార్థులను పిలవండి. పట్టికలో లేని విగ్రహం మాయమైతే పోలీసుస్టేషన్‌లో ఏమని ఫిర్యాదు రాయిస్తాం? సకల జనుల సమ్మెలో 2011లో నలభై రెండు రోజులు పని ఆపిన ఉద్యోగ మిత్రులను మేము అడిగేది చిన్నదే. మీ ఊరి మ్యూజియం లెక్కలు ఒక ఆదివారం కూర్చుని చూడండి.