ఓఆర్‌ఎస్ అనే మాట చాలదు, కొలత కావాలి

మర్కూక్ చుట్టుపక్కల ఊళ్ళ నుండి విరేచనాలతో బిడ్డను తెచ్చే తల్లులు వార్డులో అడుగు పెట్టగానే అనే మాట ఒకటే. "సిస్టరమ్మా, జల్ది గ్లూకోజ్ ఎక్కియ్యున్రి." బిడ్డ చక్కగా నీళ్ళు తాగుతున్నా సరే, సీసా వేలాడితేనే వైద్యం జరిగినట్లు. వారిని అనేకంటే, అడిగిందే తడవుగా సూది గుచ్చే మన వైద్యరంగం వారిని అనాలి. 5 శాతం గ్లూకోజ్ అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే సుమారు రెండు ఇడ్లీల పాటి బలం. మగతగా ఉన్న బిడ్డకు, తాగినదంతా కక్కే బిడ్డకు డ్రిప్పు తప్పదు. అక్కడ కూడా ముందు కావలసింది ఉప్పు ఉన్న సెలైనే.

మనం తిన్న అన్నం, జొన్న రొట్టె చివరికి గ్లూకోజ్‌గా మారి ఒంటికి ఇంధనమవుతాయి. విరేచనాలలో దానికి ఇంకొక పని ఉంది. చిన్న ప్రేగు గోడలోని ఒక ద్వారం గుండా గ్లూకోజ్, ఉప్పులోని సోడియం జోడెడ్ల లాగా కలిసి లోపలికి పోతాయి. వాటి వెంట నీరు పోతుంది. కలరాలో కూడా ఈ ద్వారం చెడిపోదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీటినే తాగించి వేలమందిని బ్రతికించారు.

చక్కెర ఎక్కువైతే కథ తిరగబడుతుంది. లోపలికి పోలేని చక్కెర ప్రేగులో నిలిచి ఒంట్లోని నీటిని గుంజుతుంది, విరేచనాలు పెరుగుతాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములుగా కొలతను తగ్గించింది.

ఇంత జాగ్రత్తగా కట్టిన కొలతను పక్కనపెట్టి, ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పండ్ల రుచి పానీయాలను ఓఆర్‌ఎస్‌ను పోలిన పేర్లతో అమ్మారు. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై సుమారు ఎనిమిదేళ్ళు పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడరాదని ఆదేశించింది. అన్నాళ్ళు మనమేం చేశాము? నేనూ ఆ డబ్బాలను మంచాల పక్కన చూశాను. ఏదో ఒకటి తాగుతున్నాడులే అని ఊరుకున్నాను. ఆ తప్పు నాది కూడా.

పేరు పోయినంత మాత్రాన అలవాటు పోదు. ఈ మధ్యనే ఒక నానమ్మ లీటరు ప్యాకెట్‌ను ఒక్క గ్లాసు నీళ్ళలో కలిపి పట్టింది. "చిక్కగుంటే బలమని కలిపిన బిడ్డా" అన్నది. అదీ ప్రమాదమే. ప్యాకెట్ మొత్తం ఒకేసారి, లీటరు నీటిలోనే కలపాలి. చెంచాతో కొంచెం కొంచెం తాగించాలి. 24 గంటలు దాటితే పారబోయాలి. తల్లిపాలు, అన్నం ఆపరాదు.

ఇప్పుడు మా వార్డులో లీటరు గుర్తు గీసిన చెంబు ఒకటి పెట్టాము. ఇంటికి పంపే ముందు తల్లి చేతనే ఒకసారి కలిపించి చూస్తున్నాము.