‘అవగాహన కల్పించాలి’ అని రాసే ముందు...

మానవ-వన్యప్రాణి సంఘర్షణపై ప్రశ్న వస్తే మీ సమాధానం చివర ఏముంటుంది? ‘ప్రజల్లో అవగాహన కల్పించాలి’ అనే కదా! ఎవరికి, దేనిపై అవగాహన? అది మాత్రం మనం రాయం.

1971 నాటి ‘హాథీ మేరే సాథీ’ సినిమాలో ఏనుగు చనిపోయినప్పుడు మహమ్మద్ రఫీ పాడిన పాట గుర్తు చేసుకోండి. రాసింది ఆనంద్ బక్షీ. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అంతకు ఏడాది ముందే ఈ పాట మూగజీవి కోసం మనిషి చేత కన్నీరు పెట్టించింది. పాటకున్న బలం అది. 51ఎ(జి) అధికరణ చెప్పే ‘జీవుల పట్ల కరుణ’ను మనసుకు చేర్చగలదు.

ఇప్పుడు ఛత్తీస్‌గఢ్ రైతు వైపు నుంచి చూడండి. 2017 గణన ప్రకారం దేశంలో ఏనుగులు 29,964. అప్పట్లో ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నవి 247, అంటే ఒక్క శాతం కూడా ఉండేవి కావు. అయినా అక్కడ ఏటా పదుల సంఖ్యలో మనుషులు ఏనుగుల దాడుల్లో చనిపోతున్నారు. కరెంటు తీగలు తగిలి ఏనుగులూ చనిపోతున్నాయి. వరి చేనుకో, ఇంట్లో దాచిన ఇప్పపువ్వుకో గుంపు వచ్చిన రాత్రి ఆ రైతుకు కావలసింది కరుణ గీతం కాదు, ముందస్తు కబురు.

ఆ కబురును రాయ్‌పూర్ ఆకాశవాణి అందించింది. ‘హమర్ హాథీ హమర్ గోఠ్’, అంటే ‘మన ఏనుగులు, మన మాటలు’ అనే కార్యక్రమంలో ఏ గుంపు ఎటు కదులుతోందో చెప్పారు. నా దృష్టిలో అసలైన అవగాహన ఇదే.

అలాగని పాట వృథా అనను. అడవికి దూరంగా ఉన్న ఓటరులో, అధికారిలో సానుభూతి ఉంటేనే కారిడార్లకు, పరిహారానికి నిధులు వస్తాయి. ఆ పని పాట చేస్తుంది. కానీ ఏనుగును ప్రేమించమని పంట పోయిన రైతుకే బోధించడం అన్యాయం. 2021లో నోటిఫై చేసిన లెమ్రూ ఏనుగుల రిజర్వ్ వంటి ఆవాసాలు, సకాలంలో పరిహారం లేకపోతే రేడియో కూడా ప్రమాద హెచ్చరిక దగ్గరే ఆగిపోతుంది.

కాబట్టి ఈసారి పార్వతీపురం మన్యం గురించి రాసినా, కుప్పం గురించి రాసినా ఇలా ముగించండి: నగరానికి సానుభూతి, గ్రామానికి సమాచారం, రైతుకు పరిహారం, ఏనుగుకు దారి. రేపు మీరు ఆ జిల్లాకే అధికారిగా వెళ్లవచ్చు. అప్పుడు ఈ నాలుగింటిలో ఏది లోపించినా పోయేది మార్కులు కాదు, ప్రాణాలు.