సీ వచ్చినోళ్లకు పైథాన్ ఎందుకు కష్టమైతున్నది?

 

ఇక్కడ భువనగిరిలో మా హాస్టల్లోనే కాదు, అన్ని హాస్టళ్లల్లో ఒక మాట సీనియర్ల నుంచి జూనియర్లకు అట్లనే వస్తుంది: "సీ వస్తే చాలు, మిగతా లాంగ్వేజీలన్నీ వచ్చినట్టే." ఇందులో సగమే నిజం అని నా అభిప్రాయం. మిగతా సగం వల్లనే మనోళ్లు చాలామంది పైథాన్ దగ్గర ఆగిపోతున్నరు. ఆగిపోయి, "మనకు కోడింగ్ రాదు, ఇది హైదరాబాద్ పిల్లల చదువు" అనుకుంటున్నరు. నాకు బాధ అనిపించేది అక్కడ.

డెన్నిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో 1970ల మొదట్లో సీ తయారు చేసిండు. అప్పటి మిషన్లలో మెమొరీ చాలా తక్కువ. అందుకే ఎంత జాగా కావాలె, ఎక్కడ ఆగాలె అన్నీ మనమే చెప్పాలె. 1991లో గైడో వాన్ రోసమ్ బయటికి తెచ్చిన పైథాన్‌లో ఆ లెక్కలు చాలావరకు భాషే చూసుకుంటది. మనోళ్లు మాత్రం సీ ప్రోగ్రాం పక్కన పెట్టుకొని లైన్‌కు లైన్ మారుస్తరు. మార్కుల లిస్టు ఉంటే రేంజ్, లెన్ పెట్టి సున్నా నుంచి లెక్కబెట్టుకుంటూ ఒక్కో మార్కు తీస్తరు. పైథాన్‌లో ఫర్ లూప్‌కు లిస్టు ఇస్తే అదే ఒక్కొక్కటి అందిస్తది.

ఇదైతే ఎట్లనో నడుస్తది. కొన్ని అలవాట్లు దెబ్బ తీస్తయి. ఎక్స్ వెనుక రెండు ప్లస్‌లు పెడితే పైథాన్ తప్పని చెప్తది. ముందు పెడితే ఏమీ అనదు, కానీ ఎక్స్ విలువ పెరగదు! మైనస్ 7ను 2తో భాగిస్తే సీ ఇచ్చే జవాబు మైనస్ 3. పైథాన్‌లో రెండు స్లాష్‌లతో భాగిస్తే మైనస్ 4.

అన్నిట్లకంటే ఎక్కువ తిప్పలు పెట్టేది ఈక్వల్ టు గుర్తు. సీలో ఒక్కో వేరియబుల్ ఒక్కో డబ్బా. పైథాన్‌లో అది ఒక పేరు మాత్రమే. "పాత" అనే లిస్టు ఉంది, "కొత్త ఈక్వల్ టు పాత" అని రాసినం అనుకోండి. రెండో లిస్టు పుట్టదు. మన తండాల్లో చాలామందికి ఇంట్లో పిలిచే పేరు ఒకటి, బడి రిజిస్టర్లో ఇంకోటి. ఇంట్లో పిలిచే పేరుతో గుండు కొట్టిస్తే రిజిస్టర్ పేరున్నోనికి జుట్టు మిగులుతదా? గట్లనే ఇది కూడా. వేరే లిస్టు కావాలంటే కాపీ అని అడగాలె.

అసలు కొత్త భాష కోసం పాత అలవాటు వదలడం మనకు కొత్తనా? గోర్ బోలిలో వస్తువులకు కూడా ఆడ, మగ ఉంటయి. తెలుగులో బండి వచ్చింది, బస్సు వచ్చింది, అక్క వచ్చింది, అన్నీ ఒకటే. ఒకటో తరగతిలో ఇది మనకు ఎవ్వరూ గ్రామర్ పెట్టి చెప్పలే. వాక్యాలు వినుకుంట పట్టుకున్నం. కోయ, గోండి మాట్లాడే తమ్ముళ్లు కూడా అంతే. ఇట్లాంటి మనకు లాజిక్ రాదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

సీ దండగ అని అంటలేను. కాగితం మీద ఒక్కో స్టెప్పుకు విలువలు రాసి చూసుకునే అలవాటు అక్కడి నుంచే వచ్చింది. ల్యాప్‌టాప్ లేనోళ్లకు అదే ఆస్తి. వదిలేయాల్సింది పాత నోట్సు. హాస్టల్ నుంచి హాస్టల్‌కు తిరిగే పీడీఎఫ్‌లలో ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేని ప్రోగ్రాములు ఇంకా ఉన్నయి. అవి పైథాన్ 2వి. దానికి 2020 జనవరి 1తోనే సపోర్టు ఆగిపోయింది. అందులో 7ను 2తో భాగిస్తే 3, ఇప్పటి పైథాన్‌లో 3.5. ల్యాబ్‌లో దొరికే ఆ కొంచెం టైం ఈ తేడాలు వెతకడానికే అయిపోతే ఇగ నేర్చుకునేదెప్పుడు?

సీనియర్లూ, పీడీఎఫ్ పంపే ముందు ఒక్కసారి నడిపి చూడండి. జూనియర్లూ, సీ ప్రోగ్రాం మూసిపెట్టి ప్రశ్న మాత్రమే చదివి పైథాన్‌లో రాయండి. మొదలు ఫ్యాక్టోరియల్ తీసుకోండి. మామూలు ఇంట్ పెడితే టర్బో సీలో 7 దాకా, ఇప్పటి కంపైలర్లలో 12 దాకా సరిగ్గ వస్తది, ఆ తర్వాత విలువ పట్టక జవాబు తప్పుతది. పైథాన్‌లో నేరుగా 100 ఇచ్చి చూడండి. 158 అంకెల జవాబు వస్తది.