మందు వేసుకోకముందే మొండికేసే వైరస్
చికిత్సకు ముందు జన్యు పరీక్ష ఎవరికి అవసరం?

హెచ్‌ఐవీ సోకినట్లు తేలి, ఇంకా ఒక్క మాత్ర కూడా మింగని వ్యక్తిలో సైతం మందులకు లొంగని వైరస్ ఉండవచ్చు. ఇందులో ఆ రోగి చేసిన తప్పిదం ఏమీ ఉండదు. చికిత్స పొందుతూ మధ్యలో మందులు ఆపేసిన వారి శరీరంలో వైరస్ రూపు మార్చుకుంటుంది. అదే వైరస్ మరొకరికి సంక్రమిస్తుంది. ఈ సంగతిని ముందే పసిగట్టేందుకు ఉపకరించేదే జన్యు పరీక్ష.

రక్తంలోని వైరస్ నుంచి ఆర్‌ఎన్‌ఏను వేరుచేసి, దాని జన్యుక్రమంలో నిరోధకతను కలిగించే మార్పులు ఉన్నాయేమో పరిశీలిస్తారు. ‘కె103ఎన్’ అనే ఒక్క మార్పు ఉన్నా నెవిరపిన్, ఎఫవిరెంజ్ రెండూ పనిచేయవు. 2004 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోను, ఢిల్లీలోను ఉచిత ఏఆర్‌టీ చికిత్స ప్రారంభమైనప్పుడు ఈ రెండు మందులే ప్రధాన ఆధారం కావడం గమనార్హం.

ప్రతి రోగికీ చికిత్సకు ముందే ఈ పరీక్ష చేయాలన్నది అమెరికా విధానం. ఇది ఖరీదైనది, అధునాతన ప్రయోగశాలలు కావాలి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నమూనా సర్వేల మార్గాన్ని సూచించింది. చికిత్స ఆరంభించే వారిలో నెవిరపిన్ వర్గం మందులకు నిరోధకత 10 శాతానికి చేరితే దేశం మొత్తం మీద మందునే మార్చాలని 2017లో పేర్కొంది. 2019లో డోలుటెగ్రావిర్‌కు ప్రాధాన్యమిచ్చింది. అనంతరం భారత్ కూడా ఆ బాటనే నడిచింది.

మందు మారినంత మాత్రాన ముప్పు తొలగిపోలేదు. డోలుటెగ్రావిర్ వాడుతున్నా వైరస్ అదుపులోకి రాని వారిలో ఆ మందుకు నిరోధకత 3.9 నుంచి 19.6 శాతం వరకు ఉన్నట్లు వివిధ సర్వేల్లో తేలిందని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెల్లడించింది. ఈ వైరస్ రేపు కొత్తవారికి సోకితే మళ్లీ మొదటికే వస్తుంది.

జన్యు పరీక్షకూ పరిమితులున్నాయి. మార్పు చెందిన వైరస్ మొత్తంలో సుమారు 20 శాతం కంటే తక్కువగా ఉంటే సాధారణ పరీక్షకు చిక్కకపోవచ్చు. మందు వాడని వారిలో కొన్ని మార్పులు కాలక్రమేణా కనుమరుగై, శరీరంలో దాగి ఉంటాయి.

ఈ పరిస్థితుల్లో అందరికీ పరీక్ష కంటే వైరల్ లోడ్ పరీక్షలు సకాలంలో జరగడం, నమూనా సర్వేలు ఆగకుండా సాగడం ముఖ్యం. గతంలో మరోచోట మందులు వాడి, ఊళ్లో తెలుస్తుందన్న భయంతో మరో జిల్లా కేంద్రంలో కొత్త రోగిగా నమోదయ్యే వారు ఆ విషయాన్ని వైద్యునికి చెప్పడం అత్యవసరం. వివరాల గోప్యతకు 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న చట్టం రక్షణ కల్పిస్తోంది. ఆ రక్షణ నిజమైనదన్న నమ్మకాన్ని రోగుల్లో కలిగించవలసిన బాధ్యత మాత్రం యంత్రాంగానిదే.