ఆపరేషన్‌కు కార్డుంది.. గోళీలకు ఏముంది?

2023 డిసెంబర్ల మన రాష్ట్రంల ఆరోగ్యశ్రీ లిమిట్‌ను 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచిన్రు. మంచిదే. గుండె ఆపరేషన్ టైంల ఆ కార్డు ఎన్నో ఇండ్లను నిలబెట్టింది. కాదనేటోళ్లు లేరు.

గానీ మనింట్ల పైసలు ఎటు పోతున్నయో ఒక్కపారి లెక్క తీయుండ్రి. నాయినకు బీపీ, అమ్మకు షుగర్. నెలనెలా గోళీలు, అప్పుడప్పుడు రక్తపరీక్షలు, డాక్టర్ ఫీజు, టౌన్‌కు ఆటో కిరాయి. పోయిన దినం కూలి గూడ బందే. ఈ ఖర్చుకు ఆరోగ్యశ్రీ రాదు. చేతుల పైసల్లేక గోళీలు బంద్ చేసినోళ్లకు రేపు పక్షవాతమొస్తే అప్పుడు కార్డు అక్కరకొస్తది. అంటే పడ్డంక లేపుతది గానీ పడకుండ పట్టుకోదు.

2025 సెప్టెంబర్ 22 నుంచి కేంద్రం సొంతంగ తీసుకునే హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేసింది. శానా మందుల మీద 12 నుంచి 5 శాతానికి తగ్గించింది. పాలసీ ఉన్నోళ్లకు లాభమే. పాలసీ లేని కూలికి? 112 రూపాయల గోళీలు 105కు వస్తయి. గంతే.

సర్కారు గట్టిగ అనుకుంటే ధరలు దిగుతయి. 2017 ఫిబ్రవరిల గుండెకేసే స్టెంట్ల రేటుకు కేంద్రం కళ్లెం వేసింది. అంతకుముందు లక్ష దాటిన మందుపూత స్టెంట్ 30 వేల లోపుకొచ్చింది.

తమిళనాడు ఇంకో తొవ్వ పట్టింది. 1994ల ఒక కార్పొరేషన్ పెట్టి, రాష్ట్రమంతటికీ మందులు ఒక్కదగ్గరనే టోకుగ కొని, ల్యాబుల పరీక్ష చేయించి సర్కారు దవాఖానలకు పంపుతున్నది. రోగికి ఉత్తగనే ఇస్తరు. మనకూ అసొంటి కార్పొరేషన్ ఉన్నది. మన పీహెచ్‌సీలల్ల బీపీ, షుగర్ గోళీలు ఉత్తగనే ఇయ్యాలె. ఇస్తరు గూడ. గానీ ఒక్క నెల స్టాక్ లేదంటే మల్లా మెడికల్ షాపే దిక్కు.

అందుకే లిమిట్ ఎన్ని లక్షలని అడుగుడు ఒక్కటే సరిపోదు. మన పీహెచ్‌సీల ఈ నెల ఏ గోళీలున్నయి, ఏవి లెవ్వు అని బోర్డు మీద రాయమని గ్రామసభల అడగాలె. చెప్పకుంటే ఆర్టీఐ దరఖాస్తు ఎయ్యాలె. పది లక్షల కార్డు బీరువల ఉంటది. అమ్మకు రేపు పొద్దుగాల కావాల్సింది ఒక్క షుగర్ గోళీ.